కిటికీ పక్క కుర్చీ

పల్లీలు మరీ ఎర్రబడకముందే దించాలి. లేకపోతే మేడమీదివాళ్ళు నాలుగు నోట్లో వేసుకుని ప్లేటు పక్కకు నెట్టేస్తారు. నవనీత బాణలి దించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి సన్నగా తరిగి కలిపి నిమ్మకాయ పిండింది. ఆదివారం సాయంత్రమైతే పైగదిలో భర్త కృష్ణమోహన్‌కు స్నేహితులు శ్యాంసుందర్, వెంకటేశ్వర్లుతో మందు సిట్టింగ్. ఆమె ప్లేటు తీసుకెళ్ళి తలుపు తడితే ఎవరో ఒకరు చెయ్యి చాచి అందుకుంటారు. ఆమె లోపలికి వెళ్ళే పద్ధతి లేదు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఆమెకు తెలియదు, పెళ్ళయి వచ్చేసరికే ఉంది.

ఇవాళ పొద్దుటినుంచి ఆమెకు కుదురు లేదు. చాయ్ తాగుతూ భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "జనవరిల ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఈసారి శ్యాంసుందర్‌ను తోల్కపోతాన్న. రేపు టికెట్లు చేస్త. నువ్వచ్చి ఏం జేస్తవ్, ఈడ అమ్మకు ఇబ్బందైతది."

కొత్తవాడలో వాళ్ళది నేత తివాచీల, అదే శతరంజీల దుకాణం. మగ్గమెక్కే ప్రతి డిజైనూ వంటింటి పనయ్యాక గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపి నవనీత వేసిందే. కిందటి జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ ఎగ్జిబిషన్‌కు ఆమెను తీసుకెళ్ళింది కూడా స్టాల్లో నిలబడి ఆ రంగుల సంగతి కొనేవాళ్ళకు చెప్పడానికే. "స్టాల్ల మనిషిని పెట్టుకుంటె మస్తు పైసలడుగుతరు. ఇంటిదైతే కడుపుకింత పెడితే సాలు" అని అందరిముందూ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే చెంపలు మండుతాయి.

అక్కడ సాయంత్రాలు అతను వ్యాపారులతో భోజనాలకు వెళ్ళేవాడు. "చలి మస్తుంది, రూంలనే ఉండు" అనేవాడు. మొదటిరోజు ఉంది. రెండోరోజు గోడలు చూడలేక కిందికి దిగి, సందు మలుపులో పచ్చటి దీపాలున్న చిన్న బార్‌లోకి వెళ్ళింది. వెళ్ళింది చలికే. కిటికీ పక్క కుర్చీలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెల్లజుట్టు ముసలామె వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో, మీకేం కావాలి అని అడిగింది. అత్తకు ఉప్పు తక్కువ, ఆయనకు పులుపు ఎక్కువ, కూతురికి కారం పడదు, ఇవన్నీ నవనీత నాలుక చివరే ఉన్నాయి. తనకేం కావాలో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ముసలామె తొందరపెట్టలేదు. బల్ల తుడిచింది, నిలబడింది, చివరికి ఆపిల్ పండ్ల వైన్ ఏదో చిన్న గ్లాసులో రుచికి తెచ్చిపెట్టింది. అచ్చం పొద్దుగూకినాక పులిసిన కల్లు. నవనీతకు నవ్వొచ్చింది. మర్నాడు తలుపు తీయగానే అదే గ్లాసు, అదే కుర్చీ. బయట ట్రాములు వెళ్తుంటే చూస్తూ కూర్చునేది. ఎవరూ పిలవరు. ఎవరికీ ఏదీ అందించక్కర్లేదు. చివరిరోజు తను డిజైన్ చేసిన నీలిచారల శాంపిల్ ముక్క ఇస్తే, ముసలామె దాన్ని ఆ కుర్చీ మీదే పరిచింది. ఆ సంతోషం పట్టలేక ఆ రాత్రి భర్తను తీసుకెళ్ళి చూపించింది.

చూపించకుండా ఉండాల్సింది.

తిరిగొచ్చాక అతను ఆ బార్ కథ చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో "నవనీత కనిపెట్టిన బార్" అనేవాడు. బతుకమ్మ పండుగ నాటికి "మేం పోయిన బార్" అయింది. దీపావళి తర్వాత ఇక ఆమె పేరే లేదు. కథ అత్త లచ్చవ్వ చెవిన కూడా పడింది. అత్తకు కల్లు కొత్త కాదు, హసన్‌పర్తి నుంచి సీసా తెప్పించుకుంటుంది. "జర తాగు బిడ్డా, నడుంనొప్పి పోతది" అని కోడలికీ పోస్తుంది. అయినా ఆరోజు మూతి తిప్పుకుంది. "తాగుతె తాగినవ్‌గని, మొగోళ్ళ లెక్క కుర్చీల కూసోని తాగుడేందే?"

అంటే తప్పు గ్లాసులో లేదు. కుర్చీలో ఉంది.

ప్లేటు పట్టుకుని మెట్లెక్కి తలుపు తట్టబోతుంటే లోపలినుంచి భర్త గొంతు వినపడింది.

"నువ్వస్తవ్‌గద శ్యాం, సూపిస్త. కిటికీ పక్కపొంటి కుర్చీ నాదే. ముసలామె ఇంకెవ్వల్ని కూసోనియ్యది. మన శతరంజీ ముక్క పరిపిచ్చిన దానిమీద."

"వదిన గూడ అచ్చిందిగదనే అప్పుడు?" వెంకటేశ్వర్లు అడిగాడు.

"అచ్చింది. బ్యాగు ఒళ్ళె పెట్టుకొని ఎప్పుడు పోదమా అని నా మొకం సూసుడే. భయం దానికి."

ముగ్గురూ నవ్వారు. శ్యాంసుందర్, "ఇంకేంది, ఆ కుర్చీల నేను కూసుంట" అన్నాడు.

నవనీత తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వెళ్ళి ప్లేటు మధ్యలో పెట్టింది. కిటికీ దగ్గరి కుర్చీ మీద భర్త చొక్కా ఉంది. దాన్ని తీసి కొక్కేనికి తగిలించి, కూర్చుంది.

శ్యాంసుందర్ గ్లాసు కుర్చీ కిందికి జరిపాడు. వెంకటేశ్వర్లు సగం లేచి, "కూసో వదినా, కూసో" అన్నాడు, అప్పటికే కూర్చున్న మనిషితో. కృష్ణమోహన్ తలుపువైపు చూశాడు, మళ్ళీ ఆమెవైపు చూశాడు.

"ఏం గావాలె?" అన్నాడు గొంతు తగ్గించి.

వెళ్ళిపొమ్మని దానర్థం. అయినా ఈ ఇంట్లో ఆ మాట ఆమెను ఎవరైనా అడగడం ఇదే మొదలు. ఆమె తొందరపడలేదు. రెండు పల్లీలు నోట్లో వేసుకుంది. ఉప్పు సరిపోయింది.

"రేపు చేసే టికెట్ గావాలె. స్టాల్ల నేనుంట. డిజైన్లు నావి, వాటి సంగతి చెప్పుడు నాకస్తది."

కిందనుంచి అత్త కేక వేసింది. "నవనీతా, నా బీపీ గోలీలేడ వెట్టినవే?"

మగవాళ్ళు ముగ్గురూ ఆమెవైపే చూశారు. ఆమె లేవలేదు.

"మీరు వొయ్యి ఇయ్యిండ్రి. ఫ్రిజ్ మీది డబ్బల ఉంటయి," అంది భర్తతో. "జనవరిల ఎట్లాగూ ఇంటికాడ అత్తమ్మను మీరే సూస్కోవాలె."