బొట్టు పెట్టిన కొళాయి

నేను ఒక గాలి ట్యాంకును. గాజువాకలో కార్లకు రంగులేసే షెడ్డులో, కంప్రెసర్ మోటారు కింద పడుకుని పదకొండేళ్లు గాలి మింగి వదిలినదాన్ని. సముద్రపు గాలి కదా, అందులోని తేమంతా నా కడుపులో నీరై చేరేది. ఆ నీటిని వదలడానికి నా అడుగున చిన్న కొళాయి ఉంది. ఒక్కరోజు తిప్పకపోయినా నాకు హడలే. లోపల తుప్పు తినేస్తుంటే పైకి ఎవరికి కనబడుతుంది?

పెయింటరు గురునాయుడికి మోకాళ్ల నొప్పులు, వంగలేడు పాపం. రోజూ పొద్దున్నే ఆ కొళాయిని కాలి బొటనవేలితో తిప్పేవాడు. దసరాకి షెడ్డు యజమానురాలు అప్పలనరసమ్మ సామాన్లన్నిటికీ పూజ చేసి, నా కొళాయికి కూడా పసుపుదారం కట్టి బొట్టు పెట్టింది. అంతే, గురునాయుడు మళ్లీ దాని జోలికి రాలేదు. వానలు వెళ్లిపోయాయి, ఎంత నీరు చేరుతుందిలే అనుకున్నాడు. ఈ మనుషుల భక్తి ఎప్పుడు ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో!

మూడు వారాలకు ఒక తెల్లకారు తలుపు వచ్చింది. గురునాయుడు రంగు కింద వేసే ప్రైమర్ పూత కొట్టాడు. మర్నాటికి తలుపంతా బొబ్బలు. సొట్టలు పూడ్చిన లప్పం ఆరలేదేమోనని గీకేసి, రెండు రోజులు ఎండబెట్టి మళ్లీ కొట్టాడు. మళ్లీ బొబ్బలే. నా గాలితోపాటు నీటి తుంపర్లు స్ప్రేగన్‌లోకి వెళుతున్నాయని నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ? ఇంకొక్కసారి పాడైతే వేరే పెయింటర్ని పెట్టుకుంటానని నరసమ్మ తేల్చి చెప్పేసింది. ముప్ఫై ఏళ్ల పనితనం ఒక్క తలుపు దగ్గర పోతుందేమోనని ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. స్ప్రేగన్ తీసి పక్కన పెట్టేశాడు.

"నా చెయ్యి పోనాదమ్మా," అన్నాడు.

నరసమ్మ చూపు నా కొళాయి మీద పడింది. "రోజూ కాలెట్టి తిప్పీవోడివి. ఇప్పుడు తిప్పడం లేదేటి?"

"బొట్టెట్టినదాన్ని కాలితో తన్నమంటావేటమ్మా?"

 నరసమ్మ గొంతుక్కూర్చుని, దారం తెంపి, కొళాయి తిప్పింది. బుస్సుమని తుప్పునీరు ఆమె పాదాల మీదికి కొట్టింది. తప్పు తన చేతిది కాదని తెలిసి గురునాయుడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆ నీటి రంగు చూశాక, తుప్పు నన్ను ఎంత తినేసిందో నాకు తెలిసింది. మెకానిక్ వచ్చి సుత్తితో తట్టి, రేకు పలచబడిపోయింది, ఎప్పుడు పేలుతుందో చెప్పలేనన్నాడు.

ఇప్పుడు పాత ఇనుము కొట్లో ఉన్నాను. మబ్బు పడితే చాలు, భయం. నన్ను బండెక్కించిన రోజే కొత్త ట్యాంకు వచ్చింది. గురునాయుడు దాని ఒంటికి పసుపు పూసి బొట్లు పెడుతుంటే బండి మీంచి చూశాను. కొళాయికి కూడా పెట్టమంది నరసమ్మ.

"దానికొద్దమ్మా," అన్నాడు. "దాన్ని రేపు కాలితో తిప్పాల."