ఊపే తీగ

ఆవగింజంత అద్దం ఒకటి సెకనుకు వెయ్యిసార్లు ఊగుతూ, తనమీద పడిన ఎర్రటి వెలుగును ఎదురుగోడ మీద గీతలా పరుస్తోంది. దాన్ని తయారుచేసిన కూతురు, ప్రయోగశాలకు చూడవచ్చిన దర్జీ అమ్మకు కుర్చీ వేసి, అద్దం మీదికి వేడిగాలి వదిలింది. గీత పొట్టిదైపోయి, అంతలోనే తనంతట తానే మళ్ళీ సాగింది.

"ఊపు తగ్గిందని దానికెవరు చెప్పారే?" అంది అమ్మ.

"అద్దాన్ని ఊపే తీగేనమ్మా. ఊపుతూనే ఊపెంతుందో కనిపెడుతుంది. తగ్గితే ఇంకాస్త ఊపుతుంది."

పక్కనున్న పెద్ద ఇంజనీరు నవ్వాడు. "దీనికోసం మూడేళ్ళు తల బద్దలుకొట్టుకున్నాం. మీ అమ్మాయి పట్టేసింది. మీకు అర్థం కావడం కష్టంలెండి."

అమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "ఏం కష్టం నాయనా? ఒక కాలితో మిషను తొక్కుతూ, రెండో కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు కట్టుకుని ముగ్గుర్ని పెంచాను. ఉయ్యాల నెమ్మదిస్తే తల తిప్పకుండానే వేలికి తెలిసిపోయేది!"

ఇంజనీరు గోడకున్న నమూనా పటం వైపు చూశాడు. ఆ పద్ధతికి కూతురు పెట్టిన పేరు అందులో పెద్ద అక్షరాలతో ఉంది: "అమ్మ బొటనవేలు".