అందరికీ ఒకే ఖాదా

శనివారం పొద్దున లోకమణి ఘిమిరే ఆఫీసు మేడమీద బకెట్టు ముందు గొంతుక్కూర్చుని ఖాదా ఉతుకుతున్నాడు. మీగడరంగు పట్టు కండువా అది, రెండు చివర్లా కుచ్చులు. సబ్బు గట్టిగా రుద్దకూడదు, పిండకూడదు, నీడలోనే ఆరవెయ్యాలి. ఇంత జాగ్రత్తగా ఉతికినా ఒకచోట టీకా బొట్టు ఎరుపు పోలేదు. పోదు కూడా. జపాన్ వీసా వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ నుదుటిన టీకాతో వచ్చి, ఈ ఖాదాయే మెడలో వేసుకుని ఫోటో దిగుతారు. ఫోటో అవగానే ఖాదా మళ్ళీ మేకుకెక్కుతుంది. ఒక్క ఖాదా, పదమూడేళ్ళ సేవ. ఇంత గిట్టుబాటైన సరుకు ఖట్మండూ బాగ్‌బజార్ మొత్తంలో ఇంకోటి లేదు.

దాన్ని మొదట మెడలో వేసుకున్నవాడు లోకమణే.

జపాన్ నుంచి తిరిగి దిగిననాడు అతని చేతిలో ఉన్నది ఇంతే: ఒక సంచి, ఒక అలారం గడియారం, రెండొందల జపాన్ మాటలు, కుడి చూపుడువేలిమీద ఒక గాటు. భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలో పడిన గాటు. చదువుకునేవాళ్ళు వారానికి ఇరవై ఎనిమిది గంటలకు మించి పనిచెయ్యకూడదని అక్కడి చట్టం. అతను రెండు ఫ్యాక్టరీల్లో కలిపి యాభై గంటలు చేశాడు. పగలు క్లాసులో బల్లమీద తలపెట్టి నిద్రపోయాడు. హాజరు పడిపోయింది, బడివాళ్ళు పేరు కొట్టేశారు, వీసా పొడిగించలేదు. రెండేళ్ళ చదువుకని వెళ్ళినవాడు పధ్నాలుగు నెలలకే ఖట్మండూలో ఉన్నాడు. సొంతూరు లమ్‌జుంగ్‌లో తండ్రికి మాత్రం కోర్సు ముందే అయిపోయిందని చెప్పాడు. ఆ ఊళ్ళో ఇప్పటికీ అతన్ని ‘జపానీ’ అనే పిలుస్తారు. ఆ పిలుపు వినలేక దశైం పండక్కి కూడా ఒక్కరోజుకు మించి అక్కడ ఉండడు.

వచ్చిన వారానికి, తనను జపాన్ చదువుకి పంపిన తులాధర్ ఆఫీసుకు వెళ్ళి గోడమీది తన ఫోటో తీసెయ్యమని అడిగాడు.

“తీసేస్తే గోడ బోసిపోదూ?” అన్నాడు తులాధర్. “నువ్వు వెళ్ళింది నిజం. వచ్చింది నిజం. మధ్యలో సంగతి ఎవడడిగాడు? శనివారం వచ్చి పిల్లలకి రెండు మాటలు చెప్పు.”

ఆ రెండు మాటలే ఉద్యోగమయ్యాయి. వారమంతా పొద్దున జపాన్ అక్షరాలు నేర్పడం, శనివారం అనుభవాలు చెప్పడం, ఫోటోలు తియ్యడం, ఖాదా ఉతకడం. జుట్టు పలచబడింది, నడుం వంగింది. ఇప్పటికీ అన్నం పెట్టుకుంటే చెయ్యి తనంతట తనే దాన్ని ఫ్యాక్టరీ డబ్బాలోలా కంచంలో ఒక మూలకు అదిమి, అంచు చెదరకుండా పలకలా చేస్తుంది.

పదకొండు గంటలకు హాలు నిండింది. వెనక గోడంతా ఫోటోలే. ఆరువందల పన్నెండు ముఖాలు, అన్ని మెడల్లోనూ అదే ఖాదా. వెళ్ళినవాళ్ళ పద్దు ఆ గోడ. వచ్చేసినవాళ్ళ పద్దు ఎక్కడా లేదు.

“పొద్దున చదువు, మధ్యాహ్నం పని, ఆదివారం సముద్రం ఒడ్డున షికారు,” అని మొదలుపెట్టాడు లోకమణి. “కష్టం ఉంటుంది. ఫలితమూ ఉంటుంది.”

“పచ్చి చేప తినకపోతే వెనక్కి పంపేస్తారా సార్?” అని వెనకనుంచి ఒకడు అడిగాడు.

“నీకు మోమో పచ్చడికే ముక్కు కారుతుంది. చేపదాకా ఎందుకురా?”

హాలంతా నవ్వింది. ముందు బెంచీలో పబిత్ర రోకా కూడా నవ్వి, మళ్ళీ నోటుపుస్తకంలో రాసుకోసాగింది. రోల్పా కొండల పిల్ల. బిగించి అల్లిన జడ, పొట్టిగా కత్తిరించుకున్న గోళ్ళు. ఆరు నెలలుగా పొద్దుటి క్లాసులో అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. నిన్ననే ఆమెకు వీసా వచ్చింది.

అందరూ వెళ్ళాక లోకమణి ఆమె మెడలో ఖాదా వేసి, కుచ్చులు సమంగా సర్ది, ఫోటో తీశాడు. ఖాదా తీసి మడతపెడుతుంటే ఆమె అడిగింది.

“సార్, మీ సర్టిఫికెట్ ఒకసారి చూపిస్తారా? ఫోన్లో ఫోటో తీసుకుంటాను.”

“ఎందుకు?”

“మా అన్న ఉత్త అనుమానం మనిషి సార్. హేటౌడా కాలేజీలో నాకు అడవుల చదువుకి సీటొచ్చింది. ఇవాళ శనివారం సెలవు, చేరడానికి రేపే ఆఖరు. ఉన్న కొండలొదిలి ఎక్కడికే అంటాడు. మా సార్ వెళ్ళి పూర్తిచేసుకుని వచ్చారు కదా అన్నాను. అయితే కాగితం చూపించు, నోరు మూసుకుంటా అన్నాడు. చూపిస్తే ఇంక రేపు హేటౌడా వెళ్ళను.”

“ఇంట్లో ఉంది.”

“సాయంత్రం తెస్తారా? కింద టీకొట్లో ఉంటాను.”

లోకమణి తల ఊపాడు. తల దానంతటదే ఊగింది. పన్నెండేళ్ళ అలవాటు.

అద్దాల గదిలోంచి తులాధర్ అంతా విన్నాడు. నారింజపండు తొక్క తెగకుండా ఒకే చుట్టగా వలుస్తూ పిలిచాడు.

“కాగితమే కదా లోకమణీ. కంప్యూటరుంది, నీకు వాళ్ళ అక్షరాలొచ్చు. రోల్పాలో వాళ్ళన్నకి జపాన్ భాషొచ్చా ఏంటి?”

“అది దొంగ కాగితం సార్.”

“ఇన్నాళ్ళూ నోటితో చెప్పిందే. ఇవాళ సిరాతో చెప్తావు. అంతేగా తేడా?”

ఆ తూకంలో తప్పు పట్టడానికి లోకమణికి ఏమీ దొరకలేదు. వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తన పేరు కొట్టాడు, బడి పేరు కొట్టాడు, చదవని ఏడాది తేదీ కొట్టాడు. కింద పంతులమ్మ సంతకం ఉండాలి. ఆవిడ పేరు గుర్తుంది. అతను బల్లమీద నిద్రపోతుంటే లేపకుండా వచ్చి, ముఖంమీద ఎండ పడకుండా కిటికీ తెర లాగిన మనిషి. ఆ పేరులో మొదటి అక్షరం కొట్టాడు. రెండోది కొట్టలేకపోయాడు. కంప్యూటరు ఆపేసి, ఇంకా గోడకంటించని పబిత్ర ఫోటో ప్రింటు చొక్కాజేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

టీకొట్లో ఆమె అటుకులూ బంగాళాదుంప కూరా తింటోంది.

“చెల్లీ, కాగితం లేదు.”

“ఎక్కడో పెట్టి మర్చిపోయారా సార్?”

“అసలు లేదు. నేను పూర్తిచెయ్యలేదు. పధ్నాలుగు నెలలకి పంపించేశారు. పనికి మరిగి, క్లాసులో నిద్రపోయాను.”

ఆమె చేతిలోని చెంచా కంచం అంచున ఆగింది.

“మరి ఆదివారం సముద్రం?”

“ఒక్కసారి చూశాను. ఫ్యాక్టరీ బస్సు కిటికీలోంచి.”

“ఆరు నెలలు మీ ఎదురుగా కూర్చున్నాను. మీరన్నవన్నీ తేదీలు వేసి రాసుకున్నాను.” గొంతు పెంచలేదు. “గోడమీద అంతమంది ఉన్నారు. ఎంతమందికి చెప్పారు ఈ మాట?”

లోకమణి కూరలోని దుంపముక్కల వైపు చూశాడు. “నువ్వే మొదటిదానివి.”

“మా ఊరి బిందు ఉంది ఆ గోడమీద. మూడో వరుసలో. మీరే ఖాదా వేశారు. పోయినేడు తిరిగొచ్చేసింది. గడప దాటదు, ఎవరితోనూ మాట్లాడదు. అందరూ గెలిచారట, తనొక్కతే ఓడిపోయిందట. అలా అనుకుంటోంది.”

తన సిగ్గు తనదే, ఇంకొకరి సొమ్ము కాదనుకుంటూ ఇన్నేళ్ళు దాచుకున్నాడు. దాని బరువు రోల్పాలో ఒక పిల్ల మోస్తోందని ఈ పూటే తెలిసింది. ఇంకా ఎందరు మోస్తున్నారో లెక్క తెలియదు.

“నా ఫోటో ఇటివ్వండి,” అంది పబిత్ర. ఇచ్చాడు. ఆమె దాన్ని నోటుపుస్తకంలో పెట్టుకుని, చెయ్యి కడుక్కొచ్చి నిలబడింది. “హేటౌడా బస్సు పొద్దున ఆరున్నరకి. కలంకిలో ఎక్కుతాను. మీరు చెప్పారని వెళ్తున్నాననుకోకండి, అన్నా. ఆ సీటు నేను చదివి తెచ్చుకున్నది.”

ఆరు నెలల్లో మొదటిసారి సార్ అనలేదు, అన్నా అంది. అది దగ్గరితనమో, చదువు చెప్పేవాడి పీటమీంచి దించడమో తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాడు. ఆమె రోడ్డు దాటి జనంలో కలిసిపోయింది.

పైకి వెళ్ళి తులాధర్ బల్లమీద ఆఫీసు తాళంచెవి పెట్టాడు.

“ఎక్కడికి, జపాన్‌కా?” అని నవ్వాడు తులాధర్.

“లమ్‌జుంగ్‌కి. దారిలో లేదుగానీ, ముందు రోల్పా వెళ్ళాలి. ఒక పిల్లకి మాట చెప్పాలి.”

“వచ్చే శనివారం ఖాదా ఎవరు ఉతుకుతారయ్యా?”

లోకమణి హాల్లోకి వెళ్ళి గోడ ముందు నిలబడ్డాడు. సంచి పాతదైంది, గడియారం ఎప్పుడో ఆగింది, జపాన్ మాటలు రెండొందల నుంచి రెండువేలయ్యాయి, అన్నీ అమ్ముడుపోయినవే. పన్నెండేళ్ళ బేరానికి మిగిలింది, గోడకెక్కని ఒక్క ఫోటో. దాన్ని తన లాభంలో రాసుకోవద్దని ఆ పిల్ల చెప్పనే చెప్పింది.

మొదటి వరుసలో మొదటిదైన తన ఫోటో కింద గోరు పెట్టి లాగాడు. పాత జిగురు పట్టు వదల్లేదు. ఇంకొంచెం బలంగా లాగితే కాగితం అడ్డంగా చిరిగింది. ముఖం చేతికొచ్చింది. మెడలోని ఖాదా మాత్రం గోడకే ఉండిపోయింది.