బీట్ ఆఫీసరు తండ్రి

అమల మొదటిసారి ఖాకీ చొక్కా వేసుకున్న రోజు బసవయ్య అన్నం ముట్టలేదు. ఉస్మాన్‌గంజ్‌లో మూడు తరాలుగా చింతపండు టోకు వ్యాపారం చేస్తున్న ఇల్లు వాళ్లది. ఒక్కగానొక్క కూతురు డిగ్రీ చదివి దుకాణంలో కూర్చుంటుందనో, బ్యాంకులో చేరుతుందనో ఆయన అనుకున్నాడు. ఆమె పరీక్ష రాసి అటవీ శాఖలో బీట్ ఆఫీసరయింది. రెండేళ్లు ఆదిలాబాద్ అడవుల్లో తిరిగి, నగరంలోనే ఉన్న జింకల వనానికి బదిలీ మీద వచ్చింది. బజార్లో ఎవరైనా అడిగితే "గవర్నమెంటు ఆఫీసుల పని" అని బసవయ్య మాట మార్చేవాడు.

కూతురు ఆ వనంలో చేరి ఎనిమిది నెలలైనా ఆయన అటువైపు వెళ్లలేదు. జనవరి చివరి ఆదివారం భార్య ఆగమ్మ ఊరుకోలేదు.

"పొద్దుగాల జనాన్ని ఎంబడి పెట్టుకొని అడివంత చూపిస్తదంట. అందరు పోయి చూస్తున్నరు, మనం చూడొద్దా?"

షాలిబండ నుంచి ఆటోలో మలక్‌పేట దాటి వెళ్లారు. గేటు దగ్గర బసవయ్య తాను ఎవరి తండ్రో చెప్పకుండా అందరిలాగే రెండు టికెట్లు తీసుకున్నాడు. లోపల ఇరవై మంది దాకా ఉన్నారు. అమల వీళ్లను చూసింది. కళ్లతో నవ్వింది, అంతే.

"సార్, అమ్మా, మీరు కూడా లైన్లో రండి. గట్టిగా మాట్లాడొద్దు."

కన్నతండ్రిని సార్ అన్నందుకు ఆయన మనసు చివుక్కుమంది. ఆగమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ప్రహరీ అవతల అపార్టుమెంట్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఇవతల మోకాలెత్తు గడ్డి, తుమ్మలు, రేగుపొదలు. ఒకచోట అమల వంగి నేల మీది జింక పెంటికలు చూసింది. "మంద ఇటు పోయి అరగంట కూడా కాలేదు" అంది. నాలుగడుగులు వేశాక గడ్డి మధ్య తొమ్మిది జింకలు కనిపించాయి. చింతపండు వేళ్ల మధ్య నలిపి అది ఏ ఏటి పంటో చెప్పడం బసవయ్యకు వచ్చు. అది నేర్చుకోవడానికి ఆయనకు పదేళ్లు పట్టింది. కూతురు ఇదంతా ఎప్పుడు నేర్చుకుందో ఆయనకు తెలియదు.

మలుపు తిరగగానే అమల చెయ్యి పైకెత్తి అందరినీ ఆపింది. రేగుపొద దగ్గర ఒక మగ కృష్ణజింక గింజుకుంటోంది. ఎక్కడి నుంచో తెగి వచ్చిన గాలిపటం మాంజా దాని కొమ్ములకు, ముందు కాలికి చుట్టుకుని ముళ్లకు బిగుసుకుపోయింది. లాగిన కొద్దీ కాలు కోసుకుపోతోంది.

అమల పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. రావడానికి గంట పడుతుందన్నాడు.

"అప్పటిదాకా ఆగితే భయానికే గుండె ఆగిపోతది సార్. మేమే కోస్తం" అంది. ఎలా కొయ్యాలో అవతలి నుంచి ఆయన చెప్పింది విని ఫోన్ జేబులో పెట్టుకుంది. తరువాత జనం వైపు తిరిగింది. "ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి. ఫోటోలు వద్దు. చప్పుడు చేయొద్దు."

అందరూ దుమ్ములోనే కూర్చున్నారు. బసవయ్య కూడా తెల్ల ధోవతితో కూలబడ్డాడు.

"బాపూ, నీ తువ్వాల ఇయ్యి."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన వైపు చూశారు.

అమల, ఆమె వెంట ఉన్న వాచర్ ఎల్లప్ప చెరో వైపు నుంచి నెమ్మదిగా వెళ్లారు. జింక ఎగిరింది. మెలి తిరిగిన కొమ్ము అమల పొట్టకు జానెడు దూరంలో ఊగింది. ఆగమ్మ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమల కొమ్ములు రెండూ ఒడిసి పట్టి, తువ్వాలుతో దాని కళ్లు కప్పింది. మోకాళ్ల మీద కూర్చుని తలను ఒడికి ఆనించుకుంది. జింక ఒళ్లంతా వణికి, క్రమంగా నిమ్మళించింది. ఎల్లప్ప కత్తెరతో ఒక్కొక్క పోగూ కోశాడు. కాలి దగ్గర మాంజా మాంసంలో దిగి ఉంటే అమల వేళ్లతో తీసింది. ఆమె అరచెయ్యి తెగి నెత్తురు కారింది. ఆమె చెయ్యి మాత్రం కదల్లేదు. గాయానికి మందు రాసి, తువ్వాలు లాగేసి వెనక్కి జరిగింది.

జింక లేచి నిలబడింది. రెండడుగులు కుంటింది. ఆ తరువాత ఒక్క గెంతులో పొద దాటి వెళ్లిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె వద్దని చెప్పింది కదా. పక్కన కూర్చున్న పెద్దాయన మెల్లగా అడిగాడు: "ఆ మేడమ్ మీ అమ్మాయా అండీ?"

"అవును. మా బిడ్డ. ఫారెస్టు బీట్ ఆఫీసరు" అన్నాడు బసవయ్య. కళ్లు తుడుచుకుందామంటే తువ్వాలు లేదు, మోచేత్తో తుడుచుకున్నాడు.

అమల చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని చూశాడు.

"నొస్తున్నదా బిడ్డా?"

"లేదు బాపు. ఇంకా సగం దారుంది, లేవుండ్రి."

తరువాతి ఆదివారం పొద్దున్నే ఉస్మాన్‌గంజ్ నుంచి రెండు ఆటోలు వచ్చి వనం గేటు ముందు ఆగాయి. మిర్చి వ్యాపారులు, బెల్లం వ్యాపారులు, లెక్కకు ఏడుగురు దిగారు. లోపల నడుస్తూ వాళ్లు బజారు కబుర్లు మొదలుపెట్టారు. ముందు నడుస్తున్న బసవయ్య వెనక్కి తిరిగి నోటి మీద వేలుంచుకున్నాడు.

"లొల్లి చెయ్యకుండ్రి భాయ్. మేడమ్ చెప్తున్నది, వినుండ్రి."