నలభై ఒకటో రోజు

పొద్దున్న ఏడింటికే నాయ్‌దెన్ ఉన్నిని కర్రతో కొడుతున్నాడు. దెబ్బదెబ్బకీ తెల్లటి నూగు లేచి ఆయన మీసాల మీదా కనుబొమల మీదా వాలుతోంది. ఆయనకు డెబ్బై రెండేళ్ళు, ఆయన దగ్గుకు ముప్ఫై. డాన్యూబ్ ఒడ్డున మా ఊళ్ళో ఆయన కుట్టిన రజాయి లేని ఇల్లు లేదు. డబ్బు చేతిలో పెట్టి పట్టుకెళ్ళిన ఇళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడగాలంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది.

ఆ రోజు అడగక తప్పలేదు. బేకరీ పర్వాన్ పోయి నలభై రోజులు నిన్నటితో నిండాయి. ఆచారం ప్రకారం నలభయ్యో రోజున సమాధి దగ్గర పంచిన ఉడికించిన గోధుమలు నాయ్‌దెన్ కూడా రెండు చెంచాలు తిని, స్నేహితుడి కోసం కళ్ళు తుడుచుకున్నాడు. పర్వాన్ రెండు రజాయిలకు రెండువందల నలభై లేవాలు ఇవ్వాలి. ఆ డబ్బొస్తే చలికాలానికి బండెడు కట్టెలు. రాకపోతే సగం బండే.

గడ్డం గీసుకుని, పెళ్ళినాటి కోటు తొడుక్కుని, నోటరీ ఆఫీసుకు వెళ్ళాడు. చనిపోయినవాళ్ళ బాకీలు రాసుకునే గుమాస్తా వెనెతా చిన్నప్పటినుంచి ఆయన రజాయిల కిందే పడుకున్న పిల్ల.

"ఇప్పుడా బాబాయ్ రావడం? గడువు నెలరోజులే. అయిపోయి పదకొండు రోజులైంది. నోటీసు మన ఆఫీసు తలుపు మీదే అంటించాంగా!"

"చూశానమ్మా. దాని పక్కనే పర్వాన్ ఫోటో కూడా అంటించారు. వాడు నావైపే చూస్తుంటే లోపలికొచ్చి డబ్బెలా అడగను?"

"పిండిమిల్లువాడు అడిగాడుగా! పాతిపెట్టిన మర్నాడే వచ్చి కూర్చున్నాడు."

"వాడి మొహం. వాడికి సిగ్గెక్కడిది?"

"రేపే పంపకం. వేళకొచ్చినవాళ్ళకి పోగా మిగిలితేనే నీకు. మిగలదు." వెనెతా గొంతు తగ్గించింది. "గడువులోపే వచ్చినట్టు పదో తారీఖు వేసి రాసేస్తాను. ఎవరికీ తెలీదు. సంతకం పెట్టు."

నాయ్‌దెన్ కలం తీసుకున్నాడు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళలో అది నిలవడం లేదు.

"అంటే, ముప్ఫై రోజులైనా నిండకుండానే నేను డబ్బుకొచ్చానని ఉంటుందా ఇందులో?"

"ఉంటే ఏమైంది?"

"పర్వాన్ కూతురు స్నెజానా ఈ కాగితం చదువుతుంది కదే. నాన్న గోధుమలింకా ఉడకనేలేదు, అప్పుడే బాబాయ్ తయారయ్యాడు అనుకోదూ?"

"చలికి చస్తావు బాబాయ్!"

"రజాయిలు కుట్టేవాణ్ణి, నాకు చలేంటే!" అని నవ్వి, కలం బల్లమీద పెట్టేశాడు.

ఆ మొండితనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ముద్దూ వస్తుంది.

మధ్యాహ్నం సగం బండి కట్టెలు దింపించుకుని గోడవారగా పేర్చాడు. తక్కువగా కనిపించకుండా కాస్త ఎడంఎడంగా పేర్చాడు. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని, ఎవరి మనవరాలికో చిన్న రజాయి వెలుగున్నంతసేపూ కుట్టాడు. దానికీ డబ్బు తర్వాతే.

కట్టెలు జనవరి దాకా వచ్చాయి. ఫిబ్రవరిలో ఒక పొద్దున పక్కింటామె పాలు తెచ్చి తలుపు తడితే పలకలేదు. నిద్రలోనే పోయాడు. పొయ్యి చల్లగా ఉంది.

భార్యాపిల్లలు లేని మనిషి. ఆయనకు అప్పిచ్చినవాళ్ళు రావాలని వెనెతా నోటీసు అంటించింది. నెల తిరిగినా ఒక్కరూ రాలేదు. నలభయ్యో రోజున సమాధి దగ్గర గోధుమలు పంచుతూ వెనెతా, ఆయన ఆ రోజు సంతకం పెట్టకుండా వెళ్ళిపోయిన సంగతి స్నెజానాకు చెప్పి ఏడ్చింది.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి వీధి దాకా జనం.

"గడువు దాటాక వచ్చారేంటి? ఆయన మీకేమైనా బాకీ ఉంటే—"

"ఆయన మాకు బాకీ ఏంటక్కా? మేమే ఆయనకి బాకీ," అంది ముందు నిలబడ్డ స్నెజానా, కవరు ముందుకు చాపుతూ. "నలభై రోజులు వెళ్ళేదాకా డబ్బు మాటెత్తకూడదని అందరూ ఆగారు. నాన్న బాకీ సంగతి నాకైతే నువ్వు నిన్న చెప్పేదాకా తెలీనే తెలీదు."

అడగడానికి వచ్చినవాళ్ళకు ఫారం ఉంది. ఇవ్వడానికి వచ్చినవాళ్ళకు లేదు. తీసుకోవడానికి వారసుడూ లేడు. వెనెతా అదే చెప్పింది. తర్వాత ఒక్కొక్కరే తల వంచుకుని వెళ్ళిపోయారు.

చివరగా ముసలి తోన్కా వచ్చింది. "నాది డబ్బు కాదమ్మా. రజాయికి బదులు అల్లి ఇస్తానని మాటిచ్చాను. రేపు, ఎల్లుండి అంటూనే ఉండిపోయాను," అని కాగితం పొట్లం బల్లమీద పెట్టి, పిలుస్తున్నా ఆగకుండా వెళ్ళిపోయింది.

అందులో బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు, పెద్ద పాదాలవి. ఒకదాని మడమ దగ్గర దారం కొస ఇంకా తెంపలేదు.