మూడో వరుస మనిషి నవ్వాడా

నవ్వాడు, పళ్ళు కనిపించాయి కాబట్టి నవ్వినట్టే. అయితే ఏడ్చేవాడికీ పళ్ళు కనిపిస్తాయి, చలికి వణికేవాడికీ కనిపిస్తాయి, అలాంటప్పుడు పళ్ళను సాక్ష్యానికి పిలవడం ఎంతవరకు న్యాయం అనుకుంటూ ఫెయ్ జింగ్‌జౌ ఫోనులో వీడియోను మళ్ళీ మొదటికి లాగాడు. పద్నాలుగు సెకన్లు. ఎనిమిదో సెకనులో తన గొంతు వినిపిస్తుంది. తొమ్మిదిలో హాలంతా గొల్లుమంటుంది. పదకొండో సెకనులో మూడో వరుసలో బట్టతల మనిషి ముందుకు వంగి నోరు తెరుస్తాడు. పెదవులు కదులుతాయి. ఆ మాట నవ్వుల హోరులో కొట్టుకుపోయింది, ఫోనుకు చిక్కలేదు. వేదిక అంచున నిలబడ్డ జింగ్‌జౌకి మాత్రమే వినబడింది.

వంటగది బల్ల మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాడు. క్షమాపణ పత్రం చేత్తోనే రాయాలి, టైపు చేసింది ఒప్పుకోరు. చెయ్యి నొప్పి పుట్టేదాకా రాస్తేనే పశ్చాత్తాపం లోపలికి దిగుతుందని బడి రోజుల నుంచీ అందరికీ నమ్మకం. సాయంత్రం ఐదింటికి ఔ అక్క దాన్ని సంస్కృతి కార్యాలయానికి తీసుకెళ్ళాలి. పొద్దుటినుంచి మూడు కాగితాలు నలిపి పారేశాడు. మూడూ ఒకే వాక్యం దగ్గర ఆగాయి.

ఔ అక్క హాస్య క్లబ్బు నడుపుతుంది. ఈశాన్య చైనాలోని షెన్యాంగ్‌లో మూతపడ్డ బట్టల మిల్లు గోదాములో నూట ఇరవై కుర్చీలు, ఒక మైకు. ఆ మైకు ముందు ఎవరు ఏం మాట్లాడాలన్నా పదిహేను రోజుల ముందే స్క్రిప్టు కార్యాలయానికి వెళ్ళి ముద్ర వేయించుకుని రావాలి. ప్రేక్షకుల్ని పలకరించడం కూడా అందులో ఉండాలి. "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే ప్రేక్షకుడు ఏం చెబుతాడో అదీ రాసి ఉంటుంది: "బడిలో లెక్కలు చెబుతాను." ఆ జవాబు చెప్పడానికి టికెట్లు చింపే అమ్మాయిని మొదటి వరుసలో కూర్చోబెడతారు. ఇంకెవరైనా తొందరపడి నిజం జవాబు చెప్పినా, ఆమోదం ఉన్నది లెక్కల పంతులికే కాబట్టి లెక్కల పంతులు మీది జోకే వెయ్యాలి. ఒకసారి జింగ్‌జౌ స్నేహితుడొకడు ఎనభై ఏళ్ళ చేపల వ్యాపారిని పట్టుకుని, "అయితే హోంవర్కు చెయ్యని పిల్లల చేత గోడకుర్చీ వేయిస్తారన్నమాట" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. ఈ ఊళ్ళో జనానికి అన్నీ తెలుసు.

పోయిన శనివారం మధ్యాహ్నం ఆటలో టికెట్ల అమ్మాయికి దగ్గు తెర వచ్చి బయటికి పోయింది. ప్రశ్న అడిగేశాక గాని జింగ్‌జౌ ఆ ఖాళీ కుర్చీ చూడలేదు. మూడో వరుసలోంచి బట్టతల మనిషి, హాజరు పలికినట్టు, "దహనవాటికలో పొయ్యి దగ్గర పని" అన్నాడు. పక్క కుర్చీలో ఉన్నావిడ కోటు అంచు దగ్గరికి లాక్కుంది. జింగ్‌జౌ లెక్కల పంతులు దగ్గరికి పోవలసింది. ఆ వాక్యం నాలుక మీదే ఉంది. కానీ ఆ మనిషి చెప్పింది అతనికి వినబడింది. అదే అతను చేసిన తప్పు. పదకొండేళ్ళు ఈ పనిలో ఉండి కూడా విననట్టు ఉండటం పూర్తిగా నేర్చుకోలేకపోయాడు.

"అయితే అన్నా, మన ఊళ్ళో ఎవరూ మధ్యలో దూరని వరుస మీ దగ్గర ఒక్కటే" అన్నాడు.

హాలు గొల్లుమంది. ఆ నవ్వు సగంలోనే విరిగింది, అందరికీ ఒకేసారి ఆ చలికాలం గుర్తొచ్చినట్టుంది. మూడేళ్ళ కిందట జబ్బు ఊరంతా పాకినప్పుడు దహనవాటిక ముందు బళ్ళు మైలు పొడవున నిలబడ్డాయి. ఆ వరుస గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడొద్దని ఎవరూ గట్టిగా చెప్పిందీ లేదు.

వీడియో బయటికి ఎవరు వదిలారో తెలియదు. ఫిర్యాదు మాత్రం ఒక స్త్రీ రాసింది. ఔ అక్క చదివి వినిపించింది. అందులో తిట్లు లేవు. మా అమ్మ ఆ వరుసలో ఆరు రోజులు ఉంది, నేను బండిలో పక్కనే కూర్చున్నాను, అందులో నవ్వడానికేముందో ఆయన నాకు చెప్పాలి అని ఉంది. ఆ ఉత్తరం జింగ్‌జౌని కార్యాలయం కంటే ఎక్కువ భయపెట్టింది. కార్యాలయానికి ఏం రాయాలో పుట్టినప్పటినుంచీ తెలుసు. ఈమెకి ఏం రాయాలి? ఆమె ప్రశ్నకి జవాబు మూడో వరుస మనిషి పదకొండో సెకనులో అననే అన్నాడు.

"అక్కడా దూరతారు తమ్ముడూ."

కార్యాలయం కన్ను కూడా ఆ సెకను మీదే పడింది. ఆ మనిషి ఏమన్నాడో రాయమన్నారు. ఔ అక్క నిన్న క్లబ్బులో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ సంగతి విడమరిచి చెప్పింది. ఆ మనిషే కదిలించాడు, నవ్వాడు, ఫలానా మాట అన్నాడు అని రాస్తే తప్పు ఇద్దరికీ పంచుకుపోతుంది, జింగ్‌జౌ మూడు నెలలు ఇంట్లో కూర్చుని వచ్చేయవచ్చు. తన పనేదో చెప్పి ఊరుకున్న మనిషిని పట్టుకుని వెక్కిరించాడని తేలితే మాత్రం ఈ రాష్ట్రంలో ఇంకెక్కడా అతనికి మైకు దొరకదు. క్లబ్బుకి రెండు విధాలా హెచ్చరికతో సరి.

"వాడేమైనా నీకు బాబాయా? ఏమన్నాడో రాసెయ్" అంది. "నేను వినలేదు గాని, వినుంటే నేనే రాద్దును."

"నాకూ సరిగ్గా వినబడలేదక్కా."

"నీకా? వెనక వరుసలో ఎవడు గింజ కొరికినా వినబడుతుంది నీకు."

ఆ అబద్ధం తనంతట తనే నోట్లోంచి వచ్చింది. ఇంటికి వచ్చే దారి పొడుగునా జింగ్‌జౌ దాని గురించే ఆలోచించాడు. అతని లోపల పెన్సిలు పట్టుకుని ఒకడు కూర్చుని ఉంటాడు. మాట నోటికి చేరేలోపు వాడు చదువుతాడు, కొట్టేస్తాడు. వాణ్ణి కార్యాలయం వాళ్ళే తెచ్చి కూర్చోబెట్టారని చాలాకాలం అనుకున్నాడు. కానీ ఆరేళ్ళప్పుడు నాన్నమ్మ పాడె దగ్గర నవ్వొస్తే చొక్కా కాలరు నోట్లో కుక్కుకున్నది గుర్తుంది. అప్పుడే వాడు లోపల ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం వాడెక్కడికి పోయాడు?

ఇవాళ మూడో కాగితమూ నలిపాక, టికెట్ల జాబితాలో నంబరు వెతికి మూడో వరుస మనిషికి ఫోను చేశాడు. పేరు గూ బావ్‌తియన్. రెండింటికి స్నానశాలకి వస్తాను, నువ్వూ రా, అక్కడ ఎవరికీ ఫోను పెట్టుకునే జేబుండదు అన్నాడు.

ఆవిరిలో మనుషులు తలలుగా మాత్రమే కనిపిస్తున్నారు. గూ అప్పటికే వేడినీళ్ళ తొట్టి మూల చేరి, నెత్తిన తడి తుండుగుడ్డ వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పొయ్యి దగ్గర డ్యూటీ దిగగానే ఇక్కడికి వచ్చి, ఒళ్ళంతా ఎర్రబడేదాకా తోమించుకుంటే గాని ఇంటికి పోడట. ఇక్కడి వాళ్ళకి తను బాయిలరు పనివాడినని చెప్పుకున్నాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు అన్నాడు.

జింగ్‌జౌ మెడదాకా దిగి, నాలుగు రోజులుగా మోస్తున్న ప్రశ్న అడిగాడు. "అన్నా, ఆ రోజు నువ్వు నిజంగా నవ్వావా?"

"నువ్వూ మొదలెట్టావా? మా ఆఫీసులోనూ అదే అడిగారు."

వీడియోలో బట్టతలని ఆఫీసులో అందరూ గుర్తుపట్టారు. చచ్చినవాళ్ళ మీద జోకేస్తే దహనవాటిక మనిషి ఎందుకు నవ్వాడో సంజాయిషీ రాయమన్నారు. పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది.

"ఏం రాశావు?"

"పన్ను నొప్పి అని రాశాను. అందుకే నోరు తెరిచానని. రెండు పేజీలకి తక్కువైతే తీసుకోరు. పన్ను గురించి రెండు పేజీలు రాసి చూడు, తెలుస్తుంది."

"పెదవులు కదిలాయి కదా?"

"అబ్బా అని మూలిగానని, మాటేమీ అనలేదని రాశాను."

జింగ్‌జౌకి నవ్వొచ్చి నీళ్ళు నోట్లోకి పోయాయి. గూ నవ్వలేదు. తుండుగుడ్డ తీసి పిండి మళ్ళీ నెత్తిన వేసుకున్నాడు. తక్కువ గొంతుతో మాట్లాడాడు. ఎక్కడికి పోయినా ఏం పనని అడుగుతారు, చెప్పగానే కంచాలు అవతలికి జరుపుకుంటారు. చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా పిలుపుతోపాటు రావొద్దని కబురూ వచ్చింది. చెప్పాక మళ్ళీ మాట కలిపినవాడు జింగ్‌జౌ ఒక్కడే.

"ఆ మాట మూడేళ్ళుగా నోట్లో ఉంది నాకు" అన్నాడు. "వెనక గేటు ఒకటుంది మా దగ్గర. ఎవరెవరో పెద్దవాళ్ళ బళ్ళు అటునుంచి వచ్చేవి. ఫోను రాగానే గేటు తీసేవాళ్ళు. తీసింది ఎవరనుకున్నావు? నేనే. రోజుకి నాలుగైదు సార్లు తీశాను. ముందు గేటు దగ్గర వాళ్ళు టోపీలు తీసి నాకు దణ్ణాలు పెడుతుండేవాళ్ళు."

గూ దోసిట్లోకి నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నాడు.

"నవ్వానో లేదో నాకు తెలీదు తమ్ముడూ. వాంతయ్యాక కడుపు తేలికవుతుంది చూడు, అలాంటిది."

అప్పుడు జింగ్‌జౌ ఆ స్త్రీ ఉత్తరం సంగతి చెప్పాడు. ఆరు రోజులు అనగానే గూ కళ్ళు తెరిచాడు. వాళ్ళమ్మ పేరు రాసిందా అని అడిగాడు. లేదన్నాడు జింగ్‌జౌ. గూ నెత్తి మీది తుండుగుడ్డ తీసుకుని తోమే బల్ల వైపు లేచాడు.

"నీ ఇష్టమొచ్చింది రాసుకో. నీకూ తిండి పోతుంది. నీ కాగితం, నా కాగితం కలవకపోతే మాత్రం నాకున్న పళ్ళన్నీ పీకుతారు" అని, బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

బస్సు కిటికీకి లోపలివైపు మంచు పేరుకుంది. బయట ఏ వీధో తెలియడం లేదు. జింగ్‌జౌ గోటితో ఆ మంచు గీకుతూ కూర్చున్నాడు. గూ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తే అది ఆ స్త్రీకి చేరదు, కార్యాలయం అలమరాలో పడుతుంది, అక్కడినుంచి గూ మెడకి చుట్టుకుంటుంది. రాయకపోతే ఆమె తనని ఒక సిగ్గులేని విదూషకుడిగా మాత్రమే గుర్తుంచుకుంటుంది, వాళ్ళమ్మ ఆరు రోజులు ఎందుకుందో ఎప్పటికీ తెలియదు. పదకొండేళ్ళలో ఆ వేదిక మీద పుట్టిన ఒకే ఒక్క నిజమైన మాట అది, అదీ తనది కాదు, దాన్ని తన చేత్తోనే పూడ్చాలి.

పోనీ, పూడుస్తున్నది గూ కోసమేనా? అలా అనుకోవడానికి బాగానే ఉంది. ఒక మనిషిని కాపాడటానికి నా బతుకు వదులుకున్నాను అని రేపు తనకి తను చెప్పుకోవచ్చు. కానీ లోపలి పెన్సిలువాడికి కావలసిందీ అదే వాక్యం. నిన్న, గూ పేరైనా తెలియకముందు, ఔ అక్క అడగ్గానే వినబడలేదు అన్నది వాడే. జాలీ భయమూ కలిసి ఒకే మాట రాయమంటున్నప్పుడు, రాసింది ఎవరో చేతివ్రాత చూసి చెప్పగలరా? అతను చెప్పలేకపోయాడు. గీకిన చోట మళ్ళీ మంచు కమ్ముకుంది.

క్లబ్బుకి వచ్చేసరికి నాలుగున్నర. ఔ అక్క కోటు వేసుకునే కూర్చుంది. బల్ల మీద కాగితం, పెన్ను, వేలిముద్రకి ఎర్ర సిరా డబ్బా సిద్ధంగా పెట్టింది. జింగ్‌జౌ పైభాగమంతా ఆగకుండా రాసుకుపోయాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చి ఆగాడు. ఔ అక్క గింజలు కొరకడం ఆపింది.

"ముద్ర వేశాక మార్చడానికుండదు" అంది. "ఇప్పుడైనా చెప్పు. ఏమన్నాడు వాడు?"

ఆమె గొంతులో ఈసారి కార్యాలయం లేదు. ఊరికే తెలుసుకోవాలని అడిగింది. ఆ చలికాలం ఆమె తండ్రి కూడా పోయాడని అతనికి తెలుసు. గూ అన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె ఒక్కతైనా నవ్వేదేమో, ఏడ్చేదేమో.

జింగ్‌జౌ తల వంచి, ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాశాడు: మూడో వరుసలోని వ్యక్తి నవ్వలేదు. ఏమీ అనలేదు.

తర్వాత సిరా డబ్బా మూత తీసి, బొటనవేలు ముంచి, కాగితం మీద ఒత్తాడు.