పడుగులో మరక, పేకలో మరక

బడి వరండాలో కూర్చున్న డాక్టరమ్మ ముందుకు మొదట వెళ్ళింది ఉప్పలమ్మే. మిగతా ఊరంతా గోడవారన నిలబడి చూస్తూ ఉంది. మీసాలు మెలేసేవాళ్ళలో ఒక్కడికీ కాలు ముందుకు పడలేదు. చైనా యుద్ధం ముగిసి ఇంకా ఏడాది కాలేదు. రక్తం పరీక్షకని హైదరాబాదు నుంచి వచ్చిన ఈ నిర్మలమ్మ సాలెవాళ్ళ రక్తం పట్టుకుపోయి సిపాయిలకు ఎక్కిస్తుందని ఎవడో పుకారు పుట్టించాడు. ఆమె దగ్గరున్న సీసాలు చిటికెనవేలంత కూడా లేవు. అంత రక్తంతో ఏ సిపాయి బతుకుతాడో ఆ పుకారు పుట్టించినవాడికే తెలియాలి.

"తీస్కో అమ్మా," అని ఉప్పలమ్మ చెయ్యి చాపింది. "ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్నదాన్ని. రెండు చుక్కలు పోతె నాకేమైతది?"

ఆ మాట నిజం. పెద్దవాడు మూడేళ్ళకు, చిన్నవాడు నాలుగేళ్ళకు పోయారు. ఇద్దరూ పుట్టినప్పుడు బొద్దుగానే ఉన్నారు. ఆరో నెల దాటాక పాలిపోవడం మొదలై, పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లలై పోయారు. నల్లగొండ దవాఖానలో బలానికి మందు ఇచ్చారు. ఊళ్ళో మాత్రం ఉప్పలమ్మ పాలు మంచివి కావన్నారు. మధ్యలో పుట్టిన కూతురు ఆండాళు అవే పాలు తాగి పదహారేళ్ళు వచ్చి నిక్షేపంగా తిరుగుతున్నా, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తన పాలను తప్పుపట్టినవాళ్ళ గుమ్మాల ముందు ఉప్పలమ్మ కావాలనే తలెత్తుకుని నడిచేది.

నిర్మలమ్మ రక్తం తీసి, గోళ్ళు నొక్కి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. రక్తం తక్కువైతే మొదట గోళ్ళే తెల్లబడతాయట. తర్వాత అడిగింది.

"మీ ఆయన నీకు పెళ్ళికి ముందే చుట్టమా?"

"మా మేనమామ కొడుకు. మాకు మేనరికాలే గదమ్మా. ఇప్పుడు నా బిడ్డను మా అన్న కొడుక్కు అడుగుతున్నరు."

డాక్టరమ్మ కలం ఆగింది. కాగితం తిప్పి, గుండ్రాలూ గీతలూ గీసి చెప్పడం మొదలుపెట్టింది. ఇది రక్తంలో వంశపారంపర్యంగా వచ్చే లోపమని, తల్లిలో సగం, తండ్రిలో సగం ఉంటే వాళ్ళకేమీ కాదని, రెండు సగాలూ ఒకే బిడ్డలో కలిస్తే ఆ బిడ్డకు రక్తం నిలవదని, ఒకే వంశంలో ఇచ్చిపుచ్చుకుంటే అలా కలిసే అవకాశం ఎక్కువని చెప్పింది. గీతలు ఎక్కువవుతున్నకొద్దీ ఆమెకే తికమక అవుతోంది. ఉప్పలమ్మ కాసేపు ఓపిక పట్టి, కలం మీద చెయ్యి వేసి ఆపింది.

"జర ఆగమ్మా. మేము రుమాళ్ళు నేస్తం. నూలును ముందే ముడులు కట్టి రంగుల ముంచుతం. ముడి కింద తెల్లగ ఉంటది. ముడి వదులైతె రంగు లోపలికి పోయి మరక పడ్తది. ఆ మరక నిలువు పోగుల, పడుగుల ఒక్కదాంట్లనే ఉంటె, అడ్డం వచ్చే పేక తెల్లగ వస్తె, ఏదో కొంచెం మసక కనబడ్తది, ఎవ్వరు పట్టించుకోరు. పేకల గూడ మరక ఉండి, రెండు ఒక్క గడిలనే పడితె, గా గడి ఎర్రగ నెత్తురు తీరు కనబడ్తది. రుమాలు పనికిరాదు. నువ్వు చెప్పేది గిదేనా?"

నిర్మలమ్మ కలం పక్కన పెట్టింది.

"అన్ని గళ్ళూ పాడవుతాయా?"

"అన్ని ఎట్ల పాడైతయి? సగం పడుగుల, సగం పేకల మరక ఉంటె, నాలుగు గళ్ళల్ల ఒక్కటి పాడైతది. రెండు మసకగ ఉంటయి, ఒకటి తెల్లగ ఉంటది." ఆ మాట పూర్తి చేశాక ఉప్పలమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "అంటె నా పాలు కాదు."

"నీ పాలు కాదు," అంది నిర్మలమ్మ.

ఉప్పలమ్మ అక్కడే, గోడవారన నిలబడ్డ ఊరు ఊరంతా వినేలా, ఆ మాట తిరిగి చెప్పించుకుంది. ఆ తర్వాతే అందరూ ఒక్కొక్కరే వచ్చి చేతులు చాపారు. మొగుడు వెంకటనర్సును ఆమె మగ్గం గుంతలోంచి రెక్క పట్టి లేపుకొచ్చింది.

అన్న కిష్టయ్య మాత్రం మొరాయించాడు. ఊళ్ళో ముడులు కట్టి రంగు వేసే పని అతని ఇంటిదే. అతని ఇంటి నుంచి రంగు నూలు వస్తేనే ఉప్పలమ్మ ఇంట్లో మగ్గం ఆడుతుంది. ఆండాళు పుట్టిన పదకొండో రోజునే మొలతాడు కట్టి, "ఇది నా కోడలు" అన్నవాడు. ఇప్పుడు ఒక ఆడమనిషి సూది పట్టుకొచ్చి అది కాదంటే ఊరుకుంటాడా?

"రక్తం చూస్కోకుండ ఇయ్య అన్నా," అంది ఉప్పలమ్మ. "పరమేశ్వర్‌ది చూడంగనే చెప్త."

కిష్టయ్య గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఒకనాటి పొద్దున తను, భార్య సోమమ్మ, కొడుకు పరమేశ్వర్ బడికి వెళ్ళి వచ్చారని కబురు పంపాడు.

నెలన్నరకు నిర్మలమ్మ కాగితాలు తెచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళు ఇంకా మిగిలాయని బడిలోనే వారం మకాం వేసింది. ఇంటివాళ్ళకు అర్థం కావాలని కాగితాలు తెలుగులోనే రాయించింది. ఉప్పలమ్మలో మరక ఉంది. వెంకటనర్సులో ఉంది. ఆండాళులోనూ ఉంది. కిష్టయ్యలో కూడా ఉంది. పరమేశ్వర్‌లో లేదు.

కిష్టయ్య తన ఇంటి కాగితాలన్నీ చుట్టగా తెచ్చి చెల్లెలి ఒళ్ళో పడేశాడు. "చూస్కో. నా కొడుకు బంగారం. ఇంకేమంటవు?"

ఉప్పలమ్మ ఏమంటుంది? ఆనందంతో అన్న కాళ్ళకు మొక్కింది. పరమేశ్వర్ అంటే ఆమెకు ప్రాణం. వాడు తన ఒళ్ళో పెరిగిన పిల్లవాడు. శుక్రవారానికి తాంబూలాలు పెట్టుకున్నారు.

శుక్రవారం పొద్దున ఇల్లు అలికి, చాపలు పరిచి, పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. లోపల ఆండాళు పట్టుచీర కట్టుకుని, ఏమీ తోచక ఆ కాగితాల చుట్ట విప్పి చదువుతోంది. ఆరో తరగతి దాకా చదివిన పిల్ల, అక్షరం కనబడితే వదలదు.

"కిష్టయ్య. రంగు వల్ల గోళ్ళు చూడలేకపోయాను. సోమమ్మ. రంగు వల్ల గోళ్ళు చూడలేకపోయాను. పరమేశ్వర్. గోళ్ళు గులాబి రంగులో ఉన్నాయి, పాలిపోలేదు."

తమలపాకులు తుడుస్తున్న ఉప్పలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మల్లొకసారి చదువు."

ఆండాళు చదివింది. ఎనిమిదేళ్ళ వయసు నుంచి పరమేశ్వర్ చేతులు రంగు బానలోనే ఉన్నాయి. పండక్కి చింతపండుతో తోమినా వాడి గోళ్ళ ఎరుపు పోదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. తెలిసి కూడా కిష్టయ్యకు ఆ రోజు గుర్తు రాలేదు. ఇంటిల్లిపాదికీ ఎర్రగోళ్ళే అయినప్పుడు వాటిని ప్రత్యేకంగా చూసేదెవరు?

ఉప్పలమ్మ కొంగు నడుముకు దోపుకుని బయటికి వచ్చింది. పెద్దమనుషుల మధ్య కొత్త ధోవతి కట్టుకుని కూర్చున్న మేనల్లుడి ముందు నిలబడింది.

"పరమేశ్వర్, చేతులు చూపియ్యి బిడ్డా."

వాడు తండ్రి వైపు చూశాడు. తర్వాత మెల్లగా చేతులు చాపాడు. పది గోళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"నీ పేరు మీద ఎవరు సూది ఏయించుకున్నరు?"

"వెంకటయ్య, అత్తా," అన్నాడు వాడు నేల చూస్తూ. వెంకటయ్య పక్కింటి రైతు కొడుకు. "బాపు పొమ్మన్నడు."

చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. కిష్టయ్య లేచి నిలబడ్డాడు.

"అవును, పంపిన! ఒక్కగానొక్క కొడుకు. కాగితం తప్పు వస్తె వాని బతుకు ఏం గావాలె? మా అవ్వ, మా తాత, అందరు మేనరికాలే చేస్కున్నరు. వాళ్ళు సచ్చిన్రా?"

"పిల్లలు సచ్చిన్రు అన్నా," అంది ఉప్పలమ్మ. "అవ్వకు తొమ్మిది మంది పుడితె నలుగురే మిగిలిన్రు. ఎవ్వరు లెక్క పెట్టలే. నేను పెట్టిన. నా కొడుకులను చెరువు గట్టున పెట్టింది నేను. నా బిడ్డను గా గట్టుకు పంపియ్య. తాంబూలం తీసుకపో."

"నా మాట కాదని పిల్లను బయట ఇస్తె నీకు పుట్టిల్లు లేదు! నా ఇంట్లకెళ్ళి నూలు పోగు గూడ రాదు. నా గడప తొక్కకు!"

"తొక్కనన్నా," అంది ఉప్పలమ్మ. "ముడులు కట్టుడు నేను పుట్టింట్లనే నేర్చుకున్న. రంగు బాన గూడ పెట్టుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

వెంకటనర్సు జీవితంలో ఎప్పుడూ బావమరిదికి ఎదురు చెప్పినవాడు కాదు. ఆ రోజు తాంబూలం పళ్ళెం ఎత్తి కిష్టయ్య చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున పరమేశ్వర్ తనంతట తానే బడికి వెళ్ళి చెయ్యి చాపాడు. తన పేరు మీద తన రక్తమే ఉండాలన్నాడట. మరక ఉన్న రక్తం పలచని ఉప్పునీళ్ళలో తొందరగా కరగదట. ఉప్పునీళ్ళ సీసాలో చుక్క వేసి చూసి నిర్మలమ్మ ఉప్పలమ్మకు కబురు పెట్టింది. వాడిలోనూ మరక ఉంది. హైదరాబాదులో మళ్ళీ చూస్తాను గానీ అనుమానం లేదు, నువ్వే గెలిచావు అంది.

ఉప్పలమ్మ ఆ వరండాలోనే కూలబడి ఏడ్చింది. గెలవాలని ఆమె అనుకోలేదు. వాడిలో మరక లేకుంటే చాలునని రాత్రంతా కోరుకుంది. ఇప్పుడు అల్లుడూ పోయాడు, అన్నా పోయాడు. కాసేపటికి ముక్కు చీది లేచింది.

"సూది డబ్బా తీస్కో అమ్మా."

"ఎక్కడికి?"

"మా అన్నకు బిడ్డ ఉన్నది, రాజం. పదకొండేండ్లు. దాన్ని సోమమ్మ తమ్మునికి ఇస్తమని మాటైంది."

నిర్మలమ్మ వెనకాడింది. నిన్ననే అంత గొడవ జరిగింది కదా అంది. ఉప్పలమ్మ వినే రకమా? నడిబజారులో నడిచి వెళ్ళి, కిష్టయ్య ఇంటి గడపకు ఇవతల, వీధిలో నిలబడి, ముగ్గు వేసే ఆడవాళ్ళూ నూలు ఆరేసే మగవాళ్ళూ తల తిప్పేలా కేక వేసింది.

"అన్నా! నీ గడప తొక్కకుండనే నిలబడ్డ. రాజాన్ని బయటికి పంపు!"

లోపలి నుంచి కిష్టయ్య తిట్లు వినిపించాయి. ఉప్పలమ్మ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పటికి తలుపు తెరుచుకుంది. సోమమ్మ, ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా మొగుడికి ఎదురు మాట అనని సోమమ్మ, ఎర్రగోళ్ళ చేత్తో కూతురి రెక్క పట్టుకుని గడప దాటి వచ్చింది. వెనక నుంచి వస్తున్న కేకలకు తల కూడా తిప్పలేదు.

"అత్తా, నొప్పి పెడ్తదా?" అని అడిగింది రాజం.

"పెడ్తది," అంది ఉప్పలమ్మ. "చెయ్యి చాపు."